ఫిల్టరు దులిపిన నేరం

గాలి పరిశుభ్రతలో రేగులంక పట్నానికి అడుగు నుంచి రెండో స్థానం వచ్చిందని తెలిసిన రోజున ఊళ్ళో ఎవరూ పెద్దగా బాధపడలేదు. అడుగున ఇంకో ఊరుంది కదా అని సర్దుకున్నారు. బాధపడ్డది ఒక్క రజో నియంత్రణ మండలి. రజస్సు అంటే దుమ్మే. దుమ్ము మండలి అంటే చప్రాసీ కూడా లేచి నిలబడడని, పుట్టినప్పుడే ఆ పేరు పెట్టారు.

మండలి అధ్యక్షులు గుండుమళ్ళ దక్షిణామూర్తి గారు. ఆయన ఏ సమస్యనైనా మూలానికి వెళ్ళి ఆలోచించే మనిషి. వెళ్ళినవాడు తిరిగి రావడమే తక్కువ. ఒకనాడు ఆయన కారు బాగు చేస్తూ మెకానిక్కు ఎయిర్ ఫిల్టరు తీసి చూపించాడు. ఇంజను పీల్చే గాలిని వడకట్టడానికి పెట్టిన ముడతల కాగితం అది. మడతమడతకీ బొగ్గుపొడిలాంటి దుమ్ము కూరుకుని ఉంది.

“ఇదంతా ఎక్కడిదయ్యా?” అన్నారు అధ్యక్షులు.

“ఊరి గాల్లోదేనండి. ఉండండి, దులిపి తెస్తాను.”

అధ్యక్షుల వారికి అక్కడికక్కడే జ్ఞానోదయం అయింది. ఊళ్ళో పదకొండు వేల కార్లున్నాయి. ఒక్కోటీ దోసెడు దుమ్మును గాల్లోంచి పట్టి బంధిస్తోంది. అంటే పదకొండు వేల దోసిళ్ళు. మరి ఊళ్ళో దుమ్ము ఎందుకు తగ్గడం లేదు? ఎందుకంటే జనం ఫిల్టర్లు దులుపుతున్నారు! పట్టిన దొంగను పట్టినట్టే పెరటి గుమ్మంలోంచి వదిలేస్తున్నారు!

వారం తిరక్కుండా నిబంధనలు వచ్చేశాయి. ఇంజనులోకి గాలి వెళ్ళే భాగాలను, అనగా ఫిల్టరును, దాని పెట్టెను, రబ్బరు గొట్టాన్ని, ఇంట్లో గానీ వీధిలో గానీ ఎవరూ దులపరాదు, తుడవరాదు, ఊదరాదు. అందులో చేరిన రజస్సు ప్రభుత్వ ఆస్తి. వాహనదారుడు దానికి ధర్మకర్త మాత్రమే.

నెల తిరిగేసరికి కార్లు దగ్గడం మొదలెట్టాయి. రెండో నెలలో ఆగిపోయాయి. ముక్కూ నోరూ మూస్తే మనిషే నిలబడలేడు, ఇంజనెంత? జనం అర్జీలు పట్టుకుని మండలికి పరిగెత్తారు. మండలి అందరికీ ఒకే జవాబు అచ్చేయించి ఇచ్చింది: “తమ వాహనము ఆగిపోలేదు. నిండినది.” నిండిన కారుకు పసుపు రంగు పలక తగిలించి, “పూర్ణ వాహనము” అని రాసి, బంతిపూల దండ వేసి, యజమానికి శాలువా కప్పేవారు. శాలువా కప్పుకున్నవాడు కారును ఇంటిదాకా తోసుకుంటూ పోయేవాడు. చెప్పొద్దూ, మొదటి వారం ఆ శాలువాల కోసం సిఫార్సులు కూడా నడిచాయి.

అక్కడితో ఆగితే అది మండలి ఎందుకవుతుంది? గాలి పీల్చి దుమ్ము పట్టే పరికరం కారొక్కటేనా అని ఎవరో సభ్యుడికి అనుమానం వచ్చింది. ఏడో సర్క్యులరు బయల్దేరింది. మానవ నాసిక కూడా వాయు ప్రవేశ భాగమేనని, అందులోని వెంట్రుకలు ఫిల్టరేనని, కాబట్టి బహిరంగ స్థలాల్లో ముక్కు చీదడం, తుమ్మడం నిషేధమని దాని సారాంశం. తుమ్ము వచ్చేలా ఉంటే మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇన్ని నిబంధనల మధ్యా కంచుమర్తి నూకరాజు కారు మాత్రం చిలక పలికినట్టు పలికేది.

నూకరాజు సన్నాయి విద్వాంసుడు. చుట్టుపక్కల నలభై ఊళ్ళలో పెళ్ళి కుదిరితే ముందు పురోహితుణ్ణి, తర్వాత నూకరాజును మాట్లాడుకుంటారు. ఆయన పాత తెల్ల కారులోనే మేళమంతా తిరిగేది. ముందు సీట్లో ఆయన, వెనక సీట్లో బావమరిది వీర్రాజు, వీర్రాజు ఒళ్ళో డోలు. నూకరాజు చెవి పాముచెవి. ఇంజనులో చిన్న జీర వినబడితే చాలు, పంటి కింద రాయి పడ్డట్టు గిజగిజలాడిపోతాడు. నిబంధనల సంగతి తెలియక కాదు. ఊపిరి పీల్చే దేన్నైనా మూసిపెట్టడం ఆయన చేతకాదు, అంతే.

పైగా వచ్చే శుక్రవారం పెద్ద పని ఉంది. ఆయన గురువు కోటిపల్లి సూరయ్య గారి మనవరాలి పెళ్ళి. సూరయ్య గారికి ఎనభై ఆరేళ్ళు. పదేళ్ళ కిందట ఆయాసం పట్టుకుని సన్నాయి పక్కన పెట్టేసిన రోజున, ఆ సన్నాయిని నూకరాజు చేతిలో పెట్టి, “నా మనవరాలి మెళ్ళో తాళి పడేటప్పుడు దీన్ని నువ్వే ఊదాల్రా. నేను ముందు కూచుని వింటాను” అన్నారు. అన్నప్పుడు ఆ పిల్ల గౌన్లు తొడుక్కుంటోంది. ఇప్పుడు పెళ్ళికూతురైంది. పెద్దాయన బతికి ఉన్నారు, అదే పదివేలు. పెళ్ళి మొగలిపాలెంలో, నలభై మైళ్ళ దూరం. ముహూర్తం పదకొండు గంటల నలభై నిమిషాలకి.

అందుకని ఆదివారం పొద్దున్నే నూకరాజు కారు మూత ఎత్తాడు. క్లిప్పులు ఊడదీసి ఫిల్టరు బయటికి తీశాడు. నీళ్ళు తగలనివ్వకూడదు, తగిలితే కాగితం ఉబ్బిపోతుంది. ప్రహరీ గోడకేసి మెత్తగా, తాళం వేస్తున్నట్టు తట్టాడు. సైకిలు పంపు పెట్టి లోపలి వైపు నుంచి బయటికి గాలి కొట్టాడు. పెట్టె లోపల పొడిగుడ్డతో తుడిచాడు. వీర్రాజు రబ్బరు గొట్టాన్ని వంచి, పగుళ్ళున్నాయేమోనని చూశాడు.

“గేటన్నా వేసుకుని చావండి! ఆ దుమ్ము మండలోళ్ళు వీధిలో తిరుగుతున్నారంట!” అని డాబా మీంచి కేకేసింది నూకరాజు భార్య ఆదిలక్ష్మి. ఆవిడ అక్కడ గుమ్మడి వడియాలు పెడుతోంది.

ఆవిడ మాట పూర్తి కాకుండానే గేటు కిర్రుమంది. రజో నిరీక్షకుడు పరాంకుశం లోపలికి వచ్చాడు. చేతిలో చిన్న త్రాసు, చంకలో ఫైలు, భుజాన సంచీ. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ మడత నలక్కుండా ఉండే మనిషి.

“ఎవరూ కదలవద్దు. ఈ రజస్సు ఎవరిది?” అన్నాడు, గాల్లో ఎండలో తేలుతున్న దుమ్మును వేలితో చూపిస్తూ.

“నా కారుదేనండి,” అన్నాడు నూకరాజు.

“కారు తమరిది. రజస్సు ప్రభుత్వానిది. ఇప్పుడు దానిని తమరు బంధవిముక్తి చేసియున్నారు. సదరు రజస్సు కిందికి దిగు పర్యంతము మనమందరము నిలబడవలెను.”

అందరూ నిలబడ్డారు. దుమ్ము దిగడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత పరాంకుశం కుంచె తీసి గోడ మీద, మందార ఆకుల మీద, సైకిలు పంపు మీద పడిన దుమ్మునంతా జాగ్రత్తగా ఊడ్చి త్రాసులో వేశాడు. ఫిల్టరుకి ఇంత అని మండలి కట్టిన లెక్కకి ఇంకా మూడు గ్రాములు తక్కువొచ్చింది. తల ఎత్తి డాబా కేసి చూశాడు.

“అమ్మా, వడియాలు స్వాధీనపరచవలెను.”

“ఏంటీ! వడియాలా!” అని ఆదిలక్ష్మి చీరకొంగు నడుముకి దోపి మెట్లు దిగి వచ్చింది. “మా గుమ్మడికాయ, మా మినప్పిండి! ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తాను!”

“వడియములు తమవే. వాటి ఉపరితలము మాత్రమే మాది,” అన్నాడు పరాంకుశం ఎంతో మర్యాదగా. మరునిమిషంలో డెబ్భై రెండు వడియాలు, చాపతో సహా సంచీలోకి వెళ్ళిపోయాయి.

అప్పటికైనా నూకరాజు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ మంచిగా చెబితే వినని మనిషి ఉంటాడా అని ఆయన భ్రమ. గబగబా లోపలికెళ్ళి గురువు గారి సన్నాయి తెచ్చి చూపించాడు.

“ఇలా చూడండి బాబూ. నోట్లో పెట్టుకుని ఊదే ఈ పీక ఉందే, దీన్ని రోజూ తుడవాలండి. గొట్టంలో తడీ దుమ్మూ చేరితే శ్రుతి దిగిపోద్ది. ఇంజనూ అంతేనండి. లోపలికెళ్ళే దారి బాగుంటేనే బయటికొచ్చే పలుకు బాగుంటాది.”

పరాంకుశం కళ్ళు వెలిగాయి. “అనగా తమరి వద్ద మరియొక వాయు పరికరము కలదు. దానిని తమరు ప్రతి దినము దులుపుచున్నారు. ఎన్ని సంవత్సరముల నుండి?”

“సన్నాయి పట్టిన దగ్గర్నుంచీనండి, ముప్పై నాలుగేళ్ళు,” అన్నాడు నూకరాజు గర్వంగా.

పరాంకుశం అది కూడా రాసుకున్నాడు. సన్నాయిని గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, రెండో నేరం కింద జమ చేశాడు. తన నోటి దురదకి తన నోటి వాద్యమే పోయిందని నూకరాజుకి అర్థమయ్యేసరికి కారు కూడా వీధిలోకి వెళ్ళిపోయింది. మండలి జీపు అప్పటికే పూర్ణ వాహనమైపోవడం వల్ల, ఆరుగురు సిబ్బంది కారును తోసుకుంటూ తీసుకుపోయారు.

బుధవారం నాడు నూకరాజు మండలి కార్యాలయానికి వెళ్ళాడు. అక్కడ ఫ్యాన్లు తిరగడం లేదు. ఫ్యాను తిరిగితే రెక్కల మీది రజస్సు చెదిరిపోతుందని ఆపేశారు. చెమటలు కక్కుతూ కూర్చున్న పరాంకుశం ఆయన్ను ఎంతో ఆదరంగా కూర్చోబెట్టాడు.

“మీ కేసు కష్టమైనది కాదు. దులిపిన రజస్సును యథాస్థానములో చేర్చినచో ఫిల్టరు, కారు, సన్నాయి మూడూ వాపసు ఇచ్చెదము.”

“అంటే దుమ్ము మళ్ళీ అందులో పోసెయ్యమంటారా? ఇప్పుడే పోసేస్తానండి, ఇలా ఇవ్వండి!”

“ఏ మడతలోని రజస్సు ఆ మడతలోనే చేరవలెను.”

నూకరాజు బుర్ర గోక్కున్నాడు. “ఏ మడతలోదేదో ఎలా తెలుస్తాదండీ?”

“అది దులుపుటకు ముందు ఆలోచించవలసిన విషయము.” పరాంకుశం ఫైలు మూసేశాడు. “అట్లు చేర్చలేని పక్షమున విచారణ జరుగును. నేరము రుజువైనచో మూడు వస్తువులునూ శాశ్వత స్వాధీనము చేసి, ప్రజల అవగాహన నిమిత్తము మా కార్యాలయ ద్వారము వద్ద అద్దాల పెట్టెలో ఉంచబడును. విచారణ శుక్రవారము ఉదయము ఎనిమిది గంటలకు.”

“శుక్రవారం వద్దు బాబూ, ఆ రోజు పెళ్ళుందండి. ఆ సన్నాయితోనే వాయించాలి. మా గురువు గారు పదేళ్ళ నుంచి ఎదురు చూస్తున్నారు. ఆయనికి ఎనభై ఆరు. ఇంకో మనవరాలు లేదండి.”

చెబుతూ నూకరాజు కళ్ళు తుడుచుకున్నాడు. ముక్కు కూడా తుడుచుకోబోయి, పరాంకుశం పెన్ను తీయడం చూసి ఆగిపోయాడు.

ఇంటికొచ్చి వీర్రాజుతో లెక్కేశాడు. మొగలిపాలానికి ఒక్కటే బస్సు, అది ఆరింటికే వెళ్ళిపోతుంది. అద్దె కార్లన్నీ దండలేసుకుని స్టాండులో నిలబడి ఉన్నాయి. తొమ్మిదిన్నరకల్లా ఆ కారే, ఆ ఫిల్టరుతోనే, ఆ సన్నాయిని ఎక్కించుకుని బయల్దేరాలి. వేరే దారి లేదు.

“వేరే సన్నాయి అరువు తెచ్చుకుందామా బావా?” అన్నాడు వీర్రాజు.

“ఒరే, ఆయన చెవులు ఇంకా పనిచేస్తున్నాయిరా,” అన్నాడు నూకరాజు. ఆ రెండు రోజులూ ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

శుక్రవారం ఎనిమిదింటికి బావా బావమరుదులిద్దరూ విచారణకు హాజరయ్యారు. వదిలితే వదిలినట్టే పెళ్ళికి పోవాలని ఇద్దరూ పట్టుపంచెలు కట్టి, నుదుట బొట్లు పెట్టి, మెళ్ళో బంగారు రంగు పతకాలు వేసుకుని వచ్చారు. వీర్రాజు డోలు కూడా భుజాన వేసుకొచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్ళను చూసి, మండలిలో ఎవరిదో పెళ్ళనుకుని నమస్కారం పెట్టి పంపించాడు.

హాలు నిండా మండలి సభ్యులు, సిబ్బంది. తలుపులు, కిటికీ రెక్కలు బిగించేసి ఉన్నాయి. ఒక్క కిటికీకి మాత్రం అద్దం పగిలి చాన్నాళ్ళయింది. ఎత్తయిన కుర్చీలో దక్షిణామూర్తి గారు. ఆయన ముందు బల్ల మీద ఫిల్టరు, కారు తాళాలు, సన్నాయి, వడియాల చాప, ఒక పెద్ద ఇత్తడి పళ్ళెంలో స్వాధీనపరచిన దుమ్ము.

పరాంకుశం అభియోగం చదివాడు. చదవడానికి గంట పట్టింది. అందులో సగం తేదీలే. తర్వాత అధ్యక్షుల వారు సన్నాయిని చూపించి, “ఈ పరికరము గాలిని పీల్చునా, వదులునా?” అని అడిగారు.

“వదులుతాదండి.”

“నోటిమాట చెల్లదు. ప్రదర్శింపుము.”

నూకరాజు సన్నాయిని చేతిలోకి తీసుకున్నాడు. అయిదు రోజులకి చేతికొచ్చింది. పీకను నాలికతో తడిపి, మెల్లగా శ్రుతి చూసుకున్నాడు. అలవాటు కొద్దీ వీర్రాజు కూడా డోలు వార్లు బిగించాడు. ఇద్దరూ గోడవారగా, మేళగాళ్ళు నిలబడే చోట నిలబడ్డారు. రెండు స్వరాలు పలికాయో లేదో, అధ్యక్షులు చెయ్యెత్తి ఆపారు.

“పీల్చనిదే వదలలేదు గనుక పీల్చునని తేలినది. నేరము రుజువైనది. శాశ్వత స్వాధీన ఉత్తర్వు తీసుకురండి.”

నూకరాజు తలెత్తి చూశాడు. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది.

అయితే మండలిలో ఏ ఉత్తర్వు మీద సంతకం పడాలన్నా ఒక పద్ధతుంది. స్వాధీనపరచిన రజస్సును సభ్యులందరూ స్వయంగా పరిశీలించి ఉండాలి. అందుకని ముసలి అటెండరు అప్పన్న ఇత్తడి పళ్ళెం పట్టుకుని హాలంతా తిరిగాడు. సభ్యులు, గుమాస్తాలు, టైపిస్టులు తలో చిటికెడు దుమ్ము కుడిచేతిలోకి తీసుకున్నారు. సంతకం పడే వేళ అందరూ గౌరవంగా లేచి నిలబడ్డారు. గుప్పిళ్ళు మూసి, మెడలు చాచి, అధ్యక్షుల కుర్చీ చుట్టూ మూగారు. అప్పన్న మిగిలిన దుమ్ముతో పళ్ళెం తీసుకొచ్చి అధ్యక్షుల వారి ముక్కు కింద పెట్టాడు.

దక్షిణామూర్తి గారు కలం విప్పారు. కాగితం మీద వంగారు. వంగిన మనిషి అలాగే ఆగిపోయారు. కళ్ళు సగం మూతపడ్డాయి, పెదవులు వణికాయి. ముక్కుపుటాలు రెండూ మెల్లగా ఉబ్బాయి. ఏడో సర్క్యులరు మీద సంతకం పెట్టినది ఆయనే. మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టలేదు. తుమ్మును ఆపుకోవడానికి కుడిచేతి చూపుడు వేలు పైకెత్తారు, ముక్కు కింద పెట్టుకోవడానికి.

వేలు ముక్కుదాకా వెళ్ళలేదు.

తాళి కట్టే క్షణంలో పురోహితుడు వేలెత్తుతాడు. అదే గట్టిమేళానికి సైగ. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఏ అపశకునమూ వధూవరుల చెవిన పడకూడదని వాయించే మేళం అది. ముప్పై నాలుగేళ్ళుగా ఎదుట జనం లేచి నిలబడి, గుప్పిళ్ళు మూసి, మధ్యలో ఒక పెద్దమనిషి వేలెత్తితే నూకరాజు ఆలోచించడు. ఆలోచిస్తే ముహూర్తం దాటిపోతుంది. ఆయన బుగ్గలు నిండాయి. సన్నాయి ఒక్కసారిగా పైస్థాయిలో గుక్క అందుకుంది. వీర్రాజు రెండు చేతులా డోలు మీద విరుచుకుపడ్డాడు. బిగించిన కిటికీలు గడగడలాడాయి.

అలవాటు ఒక్క మేళగాళ్ళదే అయితే అంత ప్రమాదం లేదు. ఆ హాల్లో ఉన్నవాళ్ళందరూ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వందల పెళ్ళిళ్ళకు వెళ్ళినవాళ్ళే. గట్టిమేళం వినబడితే గుప్పిట్లో ఉన్నది ఏం చెయ్యాలో ఎవరికీ నేర్పక్కర్లేదు. డెబ్భై గుప్పిళ్ళు ఒక్కసారి లేచాయి. వెనక వరుసవాళ్ళు ముందువాళ్ళ భుజాల మీంచి, దూరాన ఉన్నవాళ్ళు గురి చూసి, అధ్యక్షుల వారి నెత్తిన దుమ్ము అక్షింతలు చల్లారు. ఒక టైపిస్టు కళ్ళు మూసుకుని “దీర్ఘసుమంగళీభవ” అని కూడా అంది.

దక్షిణామూర్తి గారు తుమ్మారు. తుమ్మారని అనుకోవాలి. ఆ మేళంలో ఎవరికీ వినబడలేదు. కానీ ముక్కు కింద ఉన్న పళ్ళెంలో దుమ్మంతా లేచి, మేఘమై, కప్పుదాకా వెళ్ళి, నిదానంగా అందరి మీదా దిగింది.

నూకరాజు గుక్క ఆపాడు. అధ్యక్షుల వారి జుట్టు, కనుబొమలు, కోటు అంతా బూడిద రంగు. ఒక సభ్యుడు భుజం దులుపుకోబోయాడు.

“ఆగండి!” అని అరిచాడు పరాంకుశం. “ఎవరూ దులుపుకోరాదు! పధ్నాలుగో నిబంధన! ప్రభుత్వ రజస్సు ఉద్యోగి మీద పడినచో, తూకము వేయు పర్యంతము సదరు ఉద్యోగి కదలరాదు. తానే దులుపుకొనినచో ఉద్యోగ భ్రష్టత!”

సభ్యుడి చెయ్యి గాల్లోనే ఆగింది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు.

“తూకం వేసే అధికారిని పిలవండి,” అన్నారు అధ్యక్షుల వారు పెదవులు కదపకుండా.

“అది నేనేనండి,” అన్నాడు పరాంకుశం. అతని మీద కూడా తూకానికి వచ్చేంత దుమ్ముంది. త్రాసు మూడు బారల దూరంలో బల్ల మీద ఉంది.

నూకరాజు తన పంచె చూసుకున్నాడు. నలక కూడా పడలేదు. మేళగాళ్ళ మీద అక్షింతలు ఎవరు చల్లుతారు గనక! ఉత్తర్వు మీద సంతకం పడనూ లేదు, కలం కుర్చీ కిందికి దొర్లిపోయింది.

“మరి మేం వెళ్ళొచ్చాండీ?” అని వినయంగా అడిగాడు.

ఎవరూ పలకలేదు. పలికితే పెదవి మీది రజస్సు రాలుతుంది. మౌనం అర్ధాంగీకారం అనుకుని నూకరాజు బల్ల మీంచి ఫిల్టరు, పక్కనున్న తాళాలు తీసుకుని, అందరికీ నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. వీర్రాజు వడియాల చాప కూడా చంకన పెట్టుకున్నాడు. అక్కయ్య మొహం చూడాలి కదా.

ఆవరణలో ఎండలో కారు నిలబడి ఉంది. నూకరాజు మూత ఎత్తాడు. మండలివారి మెట్టు మీదే ఫిల్టరును నాలుగుసార్లు తట్టాడు. ఆ పగిలిన కిటికీలోంచి డెబ్భై జతల కళ్ళు, తల తిప్పకుండా, ఓరగా చూశాయి. ఫిల్టరు పెట్టెలో పెట్టి, క్లిప్పులు నొక్కి, తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది.

మొగలిపాలెం పందిట్లోకి వాళ్ళు చేరేసరికి పదకొండూ ముప్పై. అప్పటికే ఎవరో కుర్రకారు మైకు పెట్టెలో పాటలు పెట్టడానికి వైర్లు లాగుతున్నారు. ముందు వరుసలో పడక్కుర్చీలో సూరయ్య గారు కూర్చుని ఉన్నారు. ఎముకల గూడులాంటి మనిషి. గుమ్మం వైపే చూస్తున్నారు.

“రావనుకున్నాన్రా,” అన్నారాయన. ఆ మాటకే ఆయనకి ఆయాసం వచ్చింది.

నూకరాజు ఏం జరిగిందో చెప్పబోయాడు. ముహూర్తానికి పది నిమిషాలే ఉంది. కాళ్ళకి దణ్ణం పెట్టి, సన్నాయి తీసి కళ్ళకద్దుకున్నాడు. పురోహితుడు వేలెత్తాడు. ఇది అసలు వేలు. నూకరాజు ఊదాడు. పిల్ల మెళ్ళో తాళి పడింది. పెద్దాయన అక్షింతలు వెయ్యడం మర్చిపోయి, గుప్పిట మూసుకునే, కళ్ళు మూసుకుని, గుండెల మీద చెయ్యి పెట్టుకుని విన్నారు. మేళం పూర్తయ్యాక కూడా కళ్ళు తెరవలేదు. నూకరాజు భయపడి దగ్గరికెళ్ళాడు.

“గుక్క ఎక్కడా తెగలేదురా,” అన్నారు సూరయ్య గారు. “నేను కూడా అంతసేపు పట్టలేకపోయేవాణ్ణి.”

నూకరాజు ఏడ్చేశాడు. పదిమందిలో, పట్టుపంచె కట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, కండువా తీసి, తనివితీరా ముక్కు చీదుకున్నాడు.

విస్తట్లో రెండోసారి పులిహోర వడ్డిస్తుండగా ఫోను మోగింది. పరాంకుశం గొంతు. పెదవులు కదపకుండా మాట్లాడుతున్నట్టుంది.

“నూకరాజు గారూ, వాచ్‌మన్ కర్రకు ఫోను కట్టి కిటికీలోంచి నా చెవి దగ్గర పెట్టాడండి. ఉదయం నుంచి అలాగే నిలబడి ఉన్నాం. ఫైలంతా మననం చేసుకుంటే ఒక్కటే దారి కనబడిందండి. కొత్తవాడెవడు మమ్మల్ని దులిపినా అది కొత్త నేరం. కానీ ఇంతకు మునుపే దులిపినవాడు దులిపితే, అది పాత నేరానికి కొనసాగింపు కింద వస్తుంది. ఊళ్ళో ఆ నేరం చేసింది మీరొక్కరేనండి. దయచేసి వెంటనే...”

నూకరాజు సూరయ్య గారి వైపు చూశాడు. పెద్దాయన పడక్కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరిపించుకుంటున్నారు. సాయంత్రం తనకెంతో ఇష్టమైన కల్యాణి రాగం తీరిగ్గా వాయించమని, ఆ తర్వాత ఊరేగింపు ఉందని, ఇప్పుడే చెప్పారు.

“అయ్యో, ఎంత కష్టమొచ్చిందండీ,” అన్నాడు నూకరాజు మనస్ఫూర్తిగా. “ఇక్కడ ఊరేగింపు ఉందండి. రేపు సత్యనారాయణ వ్రతానికి కూడా మేమే వాయించాలి. ఎల్లుండి ఆదివారం పొద్దున్నే కుంచె పట్టుకుని వచ్చేస్తాను. అంతదాకా ఎవరూ తుమ్మకండి.”